నిడమనూరు పేరు పడ్డ కీచురాయి

నిడమనూరులో చెల్లెకు కందికాయలిచ్చి, ఖాళీ సంచితో మిర్యాలగూడలో కోదాడ బస్సెక్కాను. సంచి మూలలోంచి పొడవాటి మీసాలు ఊపుతూ ఒక ఆకుపచ్చ కీచురాయి బయటికొచ్చింది. మేళ్లచెరువులో మా కంది చేలో రోజూ చూసేదే.

పక్క సీటాయన దాన్ని ఒడుపుగా పట్టి, భూతద్దంలో చూసి, చిన్న స్కేలుతో కాళ్లు కొలిచి రాసుకున్నాడు. కొలిచి రాసుకునేవాళ్లంటే నాకు గుబులు. మా మేళ్లచెరువు వైపు అలాంటివాళ్లు వచ్చిపోయిన చోటల్లా సున్నపురాయి కోసం చేలు పోయాయి.

“ఈ సంచి ఏ ఊరి చేలో పెట్టారండీ?” అన్నాడు.

“ఊరుతోని మీకేం పని సారూ?”

“ఇది దొరికిన చోటు రాయాలి.”

పురుగు వంకతో భూమి ఆరా తీస్తున్నాడనుకున్నాను. “నిడమనూరు. గాడ వరి తప్ప ఇంకేం ఉండది,” అన్నాను.

ఆయన ఆ పేరే చీటీ మీద రాసి, కీచురాయితో పాటు డబ్బాలో పెట్టాడు. హుజూర్‌నగర్‌లో దిగుతూ, “ఇలాంటిదాన్ని నేనెక్కడా చూడలేదు. కొత్త జాతే అయితే మీ ఊరి పేరు పెడతాను,” అన్నాడు.

అదీ ఎత్తేననుకుని ఖాళీ సంచి మడిచి ఒళ్లో పెట్టుకున్నాను.

మూడేళ్లకు మా చేను ఎలాగూ క్వారీలో కలిసింది. ఆ కీచురాయిని వెతుక్కుంటూ ఆయన మళ్లీ వచ్చి ఉంటే, నిడమనూరు వరిమళ్లలోనే తిరిగి ఉంటాడు.