వెనకవైపు నట్టు

ముందే చెప్పేస్తాను, నేను తెలివితక్కువవాణ్ణి. ఇది వినయం కాదు, నా మీద నేను చేసుకుంటున్న ఫిర్యాదు. బతుకంతా మరమగ్గాలకు నట్లు బిగించిన ఫిట్టర్ని, సొంత ఇంట్లో ఒక్క నట్టు బిగించలేదు. నేను చేసిన ఆ స్టాండు మోయవలసింది చేపల తొట్టిని. కొన్నాళ్లు మోసి దించేసింది. ఆ తర్వాత నుంచి నేను మోస్తున్నాను. నాకు దించుకునే చోటు దొరకలేదు.

పేరు రాయను. తెలంగాణ నుంచి మగ్గాల పని మీద సూరత్ వచ్చి ఇక్కడే ముసలివాళ్లయిన వాళ్లలో ఒకణ్ణి అనుకోండి, చాలు. మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్ణే. నా భార్య పద్మ ఇక్కడే పుట్టింది, గుజరాతీ బడిలో చదువుకుంది. మాట తెలుగు, రాత గుజరాతీ. కాబట్టి ఈ కాగితం మంచం మీద తెరిచి పెట్టి బజారుకు వెళ్లినా నా రహస్యానికి ఢోకా లేదు. చూశారా? ఒప్పుకుందామని కూర్చున్నవాడు కూడా ముందు గొళ్లెం సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నాడు. మీరు చదవగలరు, కానీ నన్నెరగరు. ఆ ధైర్యంతోనే మీకు చెబుతున్నాను.

నరేశ్ పద్మకు తమ్ముడు. అంటే నాకు బామ్మర్ది. పెళ్లి కాలేదు, మాతోనే ఉండేవాడు. సూరత్ పక్కన జోల్వాలో కింద మగ్గాల షెడ్డు, పైన మా గదులు. ఇద్దరం ఆ కింది షెడ్డులోనే పని. నాది ఇనుము, వాడిది దారం. అయిపోతున్న పడుగు పోగులకు కొత్త బీముకు చుట్టి ఉన్న పోగులను ఒక్కొక్కటే వేళ్ల మధ్య మెలిపెట్టి కలపాలి. మా వాళ్లు దాన్ని అచ్చు అతకడం అంటారు. వేలకొద్దీ పోగులు. ఒక్కటి తప్పినా బట్ట మీద గీత పడుతుంది. నరేశ్ అతికిన బట్టలో గీత వెతకడం దండగ అనేవాడు షెడ్డు యజమాని సేఠ్. అంత నిలకడైన చేతులు వాడివి. ఈ మాట గుర్తుంచుకోండి. నేను మరిచిపోయినట్టు నటించింది దీన్నే.

వాడికి చేపలంటే పిచ్చి. ఊళ్లో ఒక హోటలు మూసేస్తుంటే వాళ్ల అక్వేరియం తెచ్చాడు. మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు, అంత పొడవు. మెట్ల మీదుగా నలుగురు మోసుకొచ్చారు. నలుగురు మోశారంటే అర్థమేమిటో నాకప్పుడు తట్టలేదు. దానికి స్టాండు కావాలి. కొంటే నా పరువేం కాను? పాత సామాన్ల కొట్టు నుంచి, తీసేసిన మగ్గం తాలూకు ఇనుప యాంగిళ్లు తెచ్చి, కోసి, బెజ్జాలు వేసి, బోల్టులతో కలిపాను. పైన మందపాటి చెక్క, దాని మీద థర్మాకోల్ పరిచాను. వెల్డింగు చేయించమని అందరూ అన్నారు. మగ్గానికి లేని వెల్డింగు చేపలకెందుకన్నాను.

మా పనిలో ఒక నియమం ఉంది. అదిరే చోట ఒక నట్టు నమ్మకూడదు. మొదటి నట్టు మీద రెండోది వేసి బిగించాలి. లేకపోతే మొదటిది తనంతట తనే తిరుగుతూ ఊడుతుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే తొలి పాఠమిదే. స్టాండుకు ముందువైపు, పక్కల, అంతటా రెండేసి వేశాను. గోడకు ఆనించాక గుర్తొచ్చింది, వెనక కాలి దగ్గర ఒకచోట ఒకటే వేశానని. అక్కడ పానా పట్టదు. వేయాలంటే మొత్తం బయటకు లాగాలి. అప్పటికే ఆ నలుగురూ తొట్టిని ఎత్తి పట్టుకుని నా ముఖం చూస్తున్నారు. పెట్టండి అన్నాను. ఇది మగ్గం కాదు కదా, కదలకుండా నిలబడేదాన్నే కదా స్టాండు అంటారు, అని నాకు నేను చెప్పుకున్నాను.

నేను చేసిన తెలివితక్కువ పని ఇదే. స్టాండు అదరదు, నిజమే. ఇల్లు అదురుతుంది. కింద మగ్గాలు ఆడుతున్నంతసేపూ మా గూట్లో గిన్నెలు నడిచేవి, గోడ మీద దేవుడి పటం వంకర తిరిగేది. కొత్తగా వచ్చిన చుట్టాలు చెవులు మూసుకుని ఎట్లా పడుకుంటారయ్యా అని అడిగేవాళ్లు. ఏ చప్పుడని నేను తిరిగి అడిగేవాణ్ణి. ఏళ్లతరబడి ఆ అదురులో బతికినవాడికి అదురు లేనట్టే. మగ్గాల మీద ఇల్లు కట్టుకున్న ఫిట్టరు తప్ప ఇంకెవరూ ఈ తప్పు చేయలేరు.

నరేశ్‌కు మాత్రం తట్టింది.

"బావా, ఎనక గూడ డబల్ నట్టు ఏసినవా?" అన్నాడు, నీళ్లు పోసే ముందు.

"ఏసిన."

"సూసుకో మల్ల. కింద మగ్గాలు ఆడుతుంటయ్."

"అరేయ్, మగ్గాలకు ఏసేటోన్ని, నీ చేపల డబ్బకు ఏయనా? నువ్వు దారం జూసుకో. ఇనుము నాకిడువు."

"నువ్వు ఏసినవంటే అయిపాయె. సేఠ్ ఇచ్చిన జబాన్ కన్న నీ నట్టు పక్కా," అని నవ్వాడు.

తొట్టిలో నీళ్లు ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉండేవి. వారానికోసారి కరెంటు తీసే రోజున, మగ్గాలకు సెలవు, అప్పుడు మాత్రం నీళ్లు అద్దంలా నిలిచేవి. "ఇయ్యాల చేపలకు గూడ రజా," అనేవాడు నరేశ్. ఆ వణుకు నేను రోజూ చూశాను. నా కళ్ల ముందే నీళ్లు చెబుతున్నాయి. కళ్లుండీ వినలేదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం చేసి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నరేశ్ నాకు వీపు పెట్టి గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. గుడ్డ అద్దానికి ఆని ఉందంతే, వాడు ఆని లేడు. స్టాండు వెనక కాలి దగ్గర టక్కుమంది. స్టాండు గోడ వైపు కుంగి, పక్కకు మెలి తిరిగి, తొట్టి దాని మీద నుంచి జారింది. నరేశ్ రెండు చేతులూ చాపాడు, పట్టుకుందామని. గాజు పగిలి నీళ్లన్నీ మెట్ల మీదుగా షెడ్డులోకి దూకాయి. ఒక మోటారు కాలిపోయింది. దగ్గర్లో ఉన్న మగ్గాల మీద బట్టంతా పాడయింది. మనుషులకు ఏమీ కాలేదు. నేల మీద చేపలు ఎగురుతున్నాయి.

చేపలు ఏరుతున్నట్టు వంగాను. గోడ పక్కన బోల్టు కనిపించింది. ఒంటరిగా, నట్టు లేకుండా. తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఆలోచించి చేశానా? లేదు. ఆలోచించనంత తొందరగా చేశాను. మనిషి అసలు స్వభావం తెలిసేది ఆ తొందరలోనేనేమో.

పద్మ పరుగెత్తుకొచ్చింది, వెనకే సేఠ్. ఎట్లా పడిందని పద్మ నన్ను అడిగింది.

"ఒరిగినట్టున్నడు," అన్నాను.

స్టాండుకు వేయని నట్టు ఆ మాటలో పడింది చూడండి. అక్కడ మాత్రం ఊడకుండా బిగించాను. పద్మ అదే మాటను గుజరాతీలో సేఠ్‌కు చెప్పింది. అబద్ధం నాది. తమ్ముడి నెత్తిన పెట్టింది అక్క. తనేం పెడుతున్నదో ఆమెకు ఈరోజుకీ తెలియదు.

నరేశ్ తడి గుడ్డ పట్టుకున్న తన చేతిని చూసుకున్నాడు. "నేను ఒరిగిన్నా, బావా?" అన్నాడు. నిలదీసినట్టు కాదు, దారి అడిగినట్టు. వెనక నుంచి చూసింది నేనొక్కణ్ణే కదా. నీళ్లు తుడవమన్నాను.

సేఠ్ వాణ్ణి పనిలోంచి తీసేశాడు. నిజం చెబితే నన్నేం చేసేవాడు? ఇన్నేళ్లు ఇదే లెక్క వేసుకున్నాను. తిట్టేవాడు. షెడ్డంతా నవ్వేది, డబల్ నట్టు మాస్టరు ఇంట్లో సింగిల్ నట్టు అని నాలుగు రోజులు చెప్పుకునేవాళ్లు. అంతే. మంచి ఫిట్టరు తేలిగ్గా దొరకడు, నన్ను వదిలేసేవాడే. ఒక మనిషి బతుకును నేను దేనికి బదులిచ్చాను? నాలుగు రోజుల నవ్వుకు. నిజమైన ఒక భయం కోసమైనా కాదు.

చెయ్యి నిలకడ లేనివాడని నరేశ్‌కు పేరు పడింది. అచ్చు అతికేవాడికి ఆ పేరు వస్తే ఇంక దారం ముట్టనివ్వరు. పల్సానా దాకా తిరిగాడు. ఒకచోట పెట్టుకున్నారు కానీ, అక్కడ నిజంగానే పోగులు తప్పాడట. చేతులు చెడిపోలేదు, చేతుల మీద నమ్మకం చెడిపోయింది. ఇంకొకరు నమ్మకపోతే బతకవచ్చు, తన చేతులను తానే నమ్మనివాడు ఏం పట్టుకుంటాడు?

చివరికి డుమస్ వైపు ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. పండగలకు వచ్చేవాడు, టమాటా భజియాలు పొట్లం కట్టించుకుని. నన్ను నవ్వించేవాడు కూడా. కానీ ఒకటి గమనించాను. ఆ రోజు తర్వాత వాడు మా ఇంట్లో దేనికీ ఆనుకోలేదు. గోడకు కాదు, తలుపుకు కాదు. గది మధ్యలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. అక్కడ వాడి తప్పు కూర్చుని ఉన్నట్టుండేది. నిజానికది నా తప్పు, అద్దెకు వాడి దగ్గర ఉంది.

పచ్చకామెర్లు ముదిరి ఆసుపత్రిలో చేరాడు. ఒకరోజు పద్మ మందులకు కిందికి వెళ్లినప్పుడు నన్ను దగ్గరకు పిలిచాడు.

"బావా, ఆ దినం నువ్వు ఎనక నుంచి సూస్తున్నవ్ గదా."

"ఊఁ."

"నేను ఒరగలే అనుకుంటనే ఉన్న ఇన్నొద్దులు. గని నువ్వు జూసినవ్. నువ్వు అబద్ధం జెప్పవు. ఒరిగే ఉంట."

చెప్పు, చెప్పు అని లోపల ఎవరో తోస్తున్నారు. నా నోటి నట్టు ఊడలేదు.

"గిప్పుడెందుకురా గవన్ని. పండుకో."

"అక్కకు జర జెప్పు బావా. కావాలని ఒరగలేదని జెప్పు."

"చెప్తలే."

అదీ చెప్పలేదు. కావాలని ఒరగలేదంటే ఒరిగాడనే అర్థం. ఆ అబద్ధాన్ని రెండోసారి చెప్పలేకపోయాను. నిజాన్ని ఒక్కసారీ చెప్పలేకపోయాను. వాడు పోయాడు, తను చేయని తప్పును నమ్మి. ఈసారీ నలుగురం మోశాం. ఒక వైపు నేనే పట్టాను.

ఆ స్టాండు మా ఇంట్లోనే ఉంది. ఆ తొట్టి పడ్డ వారంలోనే, ఎవరూ లేనప్పుడు దాన్ని విప్పి, అంతటా రెండు నట్లూ వేసి మళ్లీ బిగించాను. నీళ్ల డ్రమ్ము, బియ్యం డబ్బా దాని మీదే ఉండేవి. ఏళ్ల తరబడి కదల్లేదు. అది అట్లా నిలబడి ఉండటమే వాడి మీద సాక్ష్యమైంది. పదిరోజులూ అయ్యాక పద్మ వాడి ఫొటోకు దండ వేసి తెచ్చింది.

"గా స్టాండు మీదనే పెడదాం. తమ్ముడు ఒరిగితే పడ్డది గని, స్టాండు గట్టిదే పాపం," అంది.

స్టాండును పాపం అంది. వాణ్ణి ఎవరూ అనలేదు.

ఫొటోను మేకు కొట్టి గోడకు తగిలించాను. మర్నాడు రంపం తెచ్చి స్టాండు నాలుగు కాళ్లూ జానెడంత ఉంచి కోసేశాను. పొడవు కూడా తగ్గించి, పైన అదే చెక్క ముక్క వేశాను. పీట అయింది. జేబులో వేసుకున్న ఆ బోల్టు నా పనిముట్ల పెట్టెలో ఇన్నాళ్లూ మిగతావాటితో కలిసి ఉంది. అన్నీ ఒక్కలాగే ఉంటాయి, అయినా చీకట్లో వేలు తగిలినా నాకది తెలుస్తుంది. వెనక కాలికి దాన్నే వేశాను. ఒక్క నట్టుతో.

ఇప్పుడు మూడు పూటలా దాని మీదే కూర్చుని తింటున్నాను. కింద మగ్గాలు ఆడుతున్నాయి. నట్టు వదులవుతుంది, పీట కిర్రుమంటుంది, పక్కకు పోతుంది.

"ఫిట్టరువయ్యుండి గా పీట బిగించుకోరాదు?" అంటుంది పద్మ, అన్నం పెడుతూ.

బిగించను. ఊడిపోబోయే ముందు వేలితో కాస్త తిప్పుతాను, అంతే. వీపు వెనక గోడ జానెడు దూరంలో ఉంటుంది. నడుము పీకుతుంది. అయినా ఆనుకోను. నా మీద నేను తీర్చుకోగలిగిన కక్ష ఇంతే, ఒక పీటంత. చేతులు ఒళ్లో పెట్టుకుని, గది మధ్యలో వాడు కూర్చునే చోటును చూస్తూ, ఒరగకుండా కూర్చుంటాను.