ముప్పై కిలోల లోపు ఛాంపియన్

మా చిన్నప్పుడు... తొంభైల చివర్లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, దోహాలో, నజ్మా పేటలోని మా బిల్డింగ్‌లో షబ్బీర్ ముప్పై కిలోలు దాటాడు. ఆ నిమిషంలోనే వాడి ఛాంపియన్ బెల్ట్ పోయింది.

అప్పట్లో టీవీ కుస్తీలో తక్కువ బరువు వాళ్లకు వేరే విభాగం ఉండేది. ముఖాలకు ముసుగులు... రింగు పై తాడెక్కి గాల్లో గిరికీ కొట్టి ఎదుటివాడి మీద పడేవారు. డిష్ ఉన్నవాళ్లెవరో రికార్డు చేసిన క్యాసెట్‌ను గురువారం సాయంత్రం అద్దెకు తెచ్చుకునేవాళ్లం. భారీ మనుషులు రాగానే ఫార్వర్డ్ నొక్కేసేవాళ్లం.

చూసి ఊరుకోలేక మేమూ ఒక విభాగం పెట్టుకున్నాం. మా హాల్లో రెండు స్పాంజి పరుపులు, పై తాడుకు బదులు సోఫా వీపు. పాలపొడి డబ్బా మూతను అట్టముక్కకు అతికిస్తే బెల్ట్.

బరువు ఎంత ఉండాలి? క్యాసెట్‌లో పౌండ్లలో చెప్పేవారు, మాకు అర్థమయ్యేది కాదు. మాకు తెలిసిన లెక్క ఒక్కటే... సెలవుకు ఊరెళ్లేవాళ్ల సామానుది. మెట్ల దగ్గర కొక్కేనికి యేసురత్నం అంకుల్ స్ప్రింగ్ కాటా వేలాడేది. ఆయనది నరసాపురం, అక్కడ ఒక కంపెనీలో స్టోర్ కీపర్. కాటా మీద ముప్పై దగ్గర నెయిల్ పాలిష్‌తో ఎర్ర గీత గీశారు. గీత దాటిన పెట్టె విమానం ఎక్కదు. కాబట్టి గీత దాటిన మనిషి ఎగరకూడదని మేం తీర్మానించాం.

అక్కడ వారం సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే. రాగానే ఆయన దుప్పటి ఉయ్యాలలా కట్టి, మమ్మల్ని ఒక్కొక్కరినే తూచేవారు. "దీన్ని మీ కోసం కొన్నానట్రా?" అని విసుక్కుంటూనే.

షబ్బీర్ వాళ్లది కరీంనగర్. చదువులోనూ క్రికెట్‌లోనూ వాడి పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. సోఫా మీంచి గిరికీ కొట్టి వెల్లకిలా పడగలిగింది మాత్రం వాడొక్కడే. ఏడాదిగా బెల్ట్ వాడిదే... వాడికి ఉన్నదీ అదొక్కటే.

ముందు వారం ముల్లు సరిగ్గా గీత మీద ఆగింది. ఈ శుక్రవారం వాడి వెంట వాళ్ల అమ్మ ఖైరున్ ఆంటీ కూడా వచ్చింది.

"మూడు దినాల సంది రొట్టె ముడ్తలేడు అన్నా. పోరనికి ఏమైందో ఏమో."

మాకు తెలుసు. గీత కోసమే.

తూచారు. ముల్లు గీత దాటింది.

"మళ్ల జూడు అంకుల్... అంగీ ఇడుస్త."

"బరువు అంగీది కాదురా. ఎదుగుతున్నావు. చెల్లెమ్మా, ముందు వీడికి అన్నం పెట్టండి."

నా బరువు ఇరవై ఆరు. బెల్ట్‌కు వరుసలో తర్వాత నేనే. షబ్బీర్ బెల్ట్ విప్పి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు నన్ను ఓడగొట్టలే. కాటా ఓడగొట్టింది. యాద్ పెట్టుకో."

బెల్ట్ నడుముకు కట్టుకున్నాను.

వేసవి సెలవుల తర్వాత మరో ఇద్దరు గీత దాటారు. నాకు పోటీకి ఎవరూ మిగల్లేదు. టీవీలోనూ దాదాపు అంతే... ముందు వాళ్ల ఆటలు మూడు నిమిషాలకు తగ్గాయి. తర్వాత మధ్యలో ఒక భారీ మనిషి వచ్చి ఇద్దరినీ బయటికి విసిరేయడం మొదలైంది. కొందరి ముసుగులు తీయించారు. ఒక గురువారం తెచ్చిన క్యాసెట్‌లో వాళ్లు అసలు లేరు. ఎందుకో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పిల్లలకు ఏ ఆటైనా ఫోన్‌లో అప్పటికప్పుడే దొరుకుతుంది. ఒక్క గిరికీని పదిసార్లు వెనక్కి తిప్పి చూస్తూ, కాలు ఎక్కడ పెట్టాడో వాదించుకునే హాలు మాత్రం ఎక్కడా కనబడదు...

షబ్బీర్ ఇప్పుడు దోహా శివార్లలో, ముఐథర్‌లో ఉంటాడు. దోహా వస్తున్నానని మొన్న ఫోన్ చేశాను. వాడు బాగున్నావా అని కూడా అడగలేదు.

"నాతోని ఆడకుండనే ఛాంపియన్ అయినవ్. ఎగురుడు ఇగ మనతోని కాదు గానీ... బల్ల మీద మోచెయ్యి పెట్టు, పంజా పడదాం."

పోటీ పడకుండానే గెలిచింది ఏదైనా మీ దగ్గరా ఉందా? ఎవరి మీదో కూడా రాయండి...

మా ఆట ఈ శుక్రవారం, సాయంత్రం అసర్ నమాజు తర్వాత, వాళ్లింట్లో. రెఫరీ ఖైరున్ ఆంటీ.