సిస్టరమ్మ చేతి నురగ

మా సిస్టరమ్మ పోయిందన్న కబురు పోయిన ఆదివారం పొద్దున నాకు అందేసరికి నా మొహానికి సగం దాకా సబ్బు నురగ ఉంది. తార్నాక నుంచి ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. "అంకుల్, అత్తమ్మ పోయింది. నిద్రలనే పోయింది. ఏం తక్లీఫ్ పడలే" అంది. ఫోన్ పెట్టేసి అద్దం ముందుకి వచ్చేసరికి నురగ ఎండిపోయింది. ఎండిన నురగ మీద బ్లేడు పెట్టగూడదని నాకు నేర్పిన మనిషే ఆమె. మళ్ళీ మొహం తడుపుకుని, మళ్ళీ నురగ పెట్టుకుని, ఏడుస్తూనే గీసుకున్నాను. మాసిన గడ్డంతో వెళితే శవపెట్టెలోంచి లేచి మరీ తిట్టేదని నాకు తెలుసు.

ఆమె నాకు చుట్టం కాదు. సిస్టరమ్మ అంటున్నానని మఠంలో ఉండే సన్యాసిని అనుకునేరు, ఆసుపత్రిలో నర్సు. అరవయ్యవ దశకం చివర్లో నేను యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదువుతున్నప్పుడు, తార్నాకలో తన ఇంటి ముందుగది నాకు అద్దెకిచ్చింది. అంతకుముందు అడిక్‌మెట్‌లో ఒకే గదిలో నలుగురం పడి ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో ఆమే, పక్షవాతంతో ఒకవైపు పడిపోయిన వాళ్ళ నాయనా ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు, అడిగినా చెప్పే రకం కాదు.

రోజు విడిచి రోజు డ్యూటీకి పోయేముందు వాళ్ళ నాయనను వరండాలో పేము కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం గీసేది. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. ముందు వేడినీళ్ళలో ముంచిన తుండు మొహానికి చుట్టి, అది చల్లారేదాకా ఆ రోజు కబుర్లన్నీ చెప్పేది. ఆయన మాట పోయిన మనిషి, ఊ అని మాత్రం అనేవాడు. తరవాత గిన్నెలో సబ్బు మీద బ్రష్ తిప్పి, నురగ పెట్టి, మెల్లగా గీసేది. ఆడమనిషి మగవాడికి గడ్డం గీయడం మా ఊళ్ళో ఎవరూ చూడని వింత. నాకు మాత్రం చూసిన కొద్దీ ఇంకా చూడాలనిపించేది, ఎందుకంటే నా మొహం మీద అప్పటిదాకా కత్తి పడలేదు.

పదమూడో ఏట నాకు అమ్మవారు పోసింది. బతికాను గానీ మొహమంతా గుంతలు పడ్డాయి. అమ్మవారు ఇంట్లో ఉన్నన్ని రోజులూ తాలింపు పెట్టరు, ఇంట్లో ఎవరికీ క్షవరం చేయించరు. జ్వరం తగ్గి తలకు నీళ్ళు పోశాక తాలింపు మొదలైంది కానీ నా విషయంలో కత్తి మీద నిషేధాన్ని మా అమ్మ ఎత్తెయ్యలేదు. "అమ్మ నడిచిన మొహం బిడ్డా, కత్తి వెట్టొద్దు" అనేది. తరవాత గడ్డం వచ్చింది, మచ్చల మీద పెరిగింది. నిజం చెప్పొద్దూ, నాకూ హాయిగానే ఉండేది. దాక్కోవడానికి ఇల్లు దొరికినట్టుండేది.

ఎమ్మెస్సీ అయిపోయాక నాకు అక్కడే డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం వచ్చింది. సోమవారం నుంచి బీఎస్సీ పిల్లలకు ప్రాక్టికల్స్ చూడాలి. మా ప్రొఫెసర్ గారు నా మొహం వంక చూసి, "ఆ గడ్డం తీసేసి రావయ్యా, పిల్లలు నిన్ను చూసి యాసిడ్ సీసాలు పడేస్తారు" అని నవ్వారు. ఆయన మంచికే అన్నారు. నేను మాత్రం ఇంటికొచ్చి, ముప్ఫైమంది ముందు ఆ మొహంతో నిలబడడం కంటే ఉద్యోగం వదులుకోవడమే నయమనుకున్నాను. రెండు రోజులు అలాగే అనుకుని, మూడోరోజు మనసు ఒప్పుకోక గడ్డం సామాను కొనుక్కొచ్చాను.

కెమిస్ట్రీ చదివిన మహానుభావుణ్ణి కదా, ఒంటి సబ్బే గడ్డానికీ సరిపోతుందని తేల్చేశాను. బ్రష్ ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదనుకుని, పసిపిల్లల జుట్టులాంటిది తెచ్చాను. బ్లేడు సికింద్రాబాద్ ఫుట్‌పాత్ మీద "విలాయతీ మాల్ సాబ్" అంటే కొన్నాను. అది చాలదన్నట్టు, గాజు గ్లాసు లోపలి అంచుకి రుద్దితే బ్లేడు పదునెక్కుతుందని అడిక్‌మెట్ గదిలో విన్న మాట గుర్తొచ్చి, కొత్త బ్లేడును కూడా గ్లాసులో పెట్టి రుద్దాను. కత్తెరతో ముందు కత్తిరించాలని కూడా తోచలేదు. ఎడమ చెంప సగం అయ్యేసరికి చొక్కా ముందంతా ఎర్రబడింది. తెగిన చోటల్లా దినపత్రిక ముక్కలు చింపి అంటించుకుని, తుండు చుట్టుకుని మూలన కూర్చున్నాను.

ఆ సాయంత్రం సిస్టరమ్మ తలుపు కొట్టింది. తుండు లాగి చూసి, "ఏంది తమ్మీ గిది? మొహం మీద పేపర్ చదువుకోవాల్నా మేము?" అంది. తరవాత నవ్వు ఆపేసి గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఒక్కో ముక్కా తడిపి తీసింది. ఉద్యోగం సంగతీ, మా అమ్మ మాటా అన్నీ చెప్పేశాను. చివరికి, "నా మొహం గుంతల మొహం సిస్టరమ్మా, దీనికి గడ్డమే దిక్కు" అన్నాను.

"గుంతలున్నయి. లేవని నేను అబద్ధం చెప్ప" అంది. "రోడ్డు మీద గుంతలుంటే బండ్లు నడుస్తలేవా? జర మెల్లగ నడుస్తయి, గంతే."

మూడు రోజులు మొహానికి బ్లేడు తగలనివ్వొద్దంది. మర్నాడు తార్నాక చౌరస్తాలో కిరాణా షాపుకి నన్ను వెంటబెట్టుకుని పోయింది. యూనిఫాంలో ఉన్న ఆడమనిషి గడ్డం సామాను బేరమాడుతుంటే కొట్లో వాళ్ళంతా పని మానేసి చూశారు. నేను సిగ్గుతో పప్పుబస్తాల వెనక నిలబడ్డాను. మూడు రకాల బ్లేడ్లు ఒక్కొక్కటి తీసుకుని, సంచిలోంచి దూది తీసి, దాన్ని ఒక్కో బ్లేడు అంచు మీదుగా మెల్లగా లాగింది. ఆసుపత్రిలో మళ్ళీ మళ్ళీ వాడే సూదుల మొన వంగిందేమో అలాగే చూస్తారట. ఒకదానికి పోగులు తగులుకున్నాయి. "ఇది పీకుతది" అని పక్కన పెట్టింది. ఇంకోదాని మీద దూది ఎక్కడా తగులుకోకుండా జారిపోయింది. "ఇది మరీ హుషారున్నది. నీ గుంతల అంచులను కోస్తది. చేయి కుదిరినంక చూద్దాం" అని మూడోది తీసుకుంది. బ్రష్‌లలో గట్టి పందివెంట్రుకలది ఎంచింది. మెత్తటిది మచ్చల పైపైనే తిరిగిపోతుందట, గట్టిదైతేనే గుంతలో పడుకున్న వెంట్రుకను లేపి నిలబెడుతుందట. సబ్బు మాత్రం గిన్నెలో వచ్చే గడ్డం సబ్బే కావాలంది. ఒంటి సబ్బు నురగ రెండు నిమిషాల్లో ఆరిపోతుందట.

శుక్రవారం పొద్దున బ్రష్ నా చేతికిచ్చి వాళ్ళ నాయన ముందు నిలబెట్టింది. "శుక్రవారం గడ్డమా?" అన్నాను, నోరు జారి. "శుక్రవారమని మా ఆసుపత్రిల ఆపరేషన్లు బంద్ పెడ్తరా తమ్మీ?" అంది. నా నురగ మొదట నీళ్ళలా కారి ఆయన చొక్కాలోకి పోయింది. "నీళ్లు తక్కువ, సబర్ ఎక్కువ" అని, ఓపిక పట్టమని మళ్ళీ మొదలుపెట్టించింది. మూడోసారికి నురగ పెరుగులా నిలబడింది. రేజర్ కూడా ఇచ్చింది. వెంట్రుక ఎటు పడుకుందో అటే గీయమంది, చర్మాన్ని రెండో చేత్తో సాగదీసి పట్టమంది, రేజర్ బరువు చాలు, నీ బరువు వేయకంది. ఒక చెంప పూర్తిచేశాను. మాటలేని ఆ పెద్దాయన రెండో చెంప తనంతట తానే నా వైపు తిప్పాడు. ఆ నమ్మకాన్ని నేనింకా మర్చిపోలేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన నుంచి వచ్చిన తెల్లచీరతోనే నా వెనక నిలబడి చూసింది. ముందు కత్తెరతో కత్తిరించాను. రెండుసార్లు నురగ పెట్టి, రెండుసార్లు గీశాను. ఒక్క చోటే తెగింది, అక్కడ పటిక రాసింది. మొహం కడుక్కుని అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్త మనిషి. "ఇట్లుంటనా నేను?" అన్నాను.

"ఇట్లనే ఉంటవు. మంచిగనే ఉంటవు" అంది. అంత మామూలుగా అంది గనకే నమ్మాను.

సోమవారం క్లాసులో పిల్లలు ఒక నిమిషం చూశారు. రెండో నిమిషంలో ఒకమ్మాయి, "సార్, రంగు మారుతలేదు" అని బ్యూరెట్ చూపించింది. వెళ్ళి చూశాను. అంతే, ఉద్యోగంలో చేరిపోయాను.

అసలు భయం మా అమ్మ. పది రోజులకు జొన్నరొట్టెల మూటతో ఊరి నుంచి వచ్చింది. నా మొహం చూసి మూట కింద పెట్టేసి మెట్టు మీద కూలబడింది. నీళ్ళిస్తే తాగలేదు. అప్పుడు సిస్టరమ్మ వచ్చి ఆమె పక్కనే అదే మెట్టు మీద కూర్చుంది.

"తప్పంత నాదేనమ్మా. నేనే గీయించిన. మీ అమ్మవారికి కోపమొస్తే నా మీదికి రమ్మని చెప్పుండ్రి" అంది. తరవాత, "నీళ్లు పోసినంక తాలింపు వెట్టిండ్రు గదా? మరి కత్తి ఎందుకు బంద్ వెట్టిండ్రు?" అని అడిగింది.

అప్పుడు మా అమ్మ నోరు విప్పింది. "కోపం గాదు నర్సమ్మా. అప్పుడు వీనితోటే నా చిన్నదానికీ పోసింది. వీడు లేసిండు, అది లేవలే. ఆ మచ్చలు చూస్తే నాకు పిల్లనే యాదికొస్తుండె. గడ్డమొచ్చి కప్పేసినంక జర నిమ్మలమైన."

చెల్లెలు పోయినప్పుడు నాకు ఒళ్ళు తెలియని జ్వరం. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. అన్నేళ్ళూ మా అమ్మ నా మొహం చూడకుండా నాతో మాట్లాడుతోందని ఆ మెట్టు దగ్గర నిలబడినప్పుడే నాకు తెలిసింది. సిస్టరమ్మ ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. "పిల్ల పేరేంది?" అని అడిగింది. మా అమ్మ పేరు చెప్పి ఏడ్చింది. ఆ పేరు ఆమె నోట వినడం నాకు ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున నేను నురగ పెట్టుకుంటుంటే మా అమ్మ వచ్చి, "అద్దం నేను పడ్త" అంది. రెండు చేతులతో అద్దం పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది కానీ కళ్ళు గట్టిగా మూసుకుంది. అద్దంలో నా మొహం పైకీ కిందికీ ఊగుతోంది. డ్యూటీకి బయల్దేరిన సిస్టరమ్మ అది చూసి, సంచి పక్కన పడేసి, ఇస్త్రీ చీర నలుగుతుందని కూడా చూడకుండా నేల మీద కూర్చుని, మా అమ్మ చేతుల మీద తన చేతులు వేసి అద్దాన్ని నిలబెట్టింది. నేను గీయడం మొదలుపెట్టాను. చెంప మీద నురగ తొలగి మచ్చలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి. సగం అయ్యాక మా అమ్మ కళ్ళు తెరిచి, ఏడుస్తూ, నా మొహం వంకే చూస్తూ కూర్చుంది. బయట సిస్టరమ్మ ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఆమె అద్దం వదల్లేదు.