కుళ్లాయప్పను నరికిన కుళ్లాయప్ప గొంతు

"నరుకుతా" అనమన్నారు, అన్నాడు. ఇంకా కర్కశంగా అనమన్నారు, అన్నాడు.

గుమ్మఘట్టలో ఆటోకు మైకు కట్టుకొని కంటి శిబిరాలు, గొర్రెల సంతలు చాటే కుళ్లాయప్పను గేముల కంపెనీవాళ్లు పట్నానికి పిలిపించినారు. కరువు పల్లె కథతో చేస్తున్న ఫోన్ గేముకు అతని గొంతు కావాలన్నారు. అందులో మంచివాళ్లంతా పుస్తకాల తెలుగు మాట్లాడతారు. ఊరి బోరును గుప్పిట్లో పెట్టుకొని, నీళ్లడిగినోళ్లను నరికే చౌడప్ప ఒక్కడికే సీమ మాట. "మేము ఇట్ల ఉండము సారూ" అనాలనుకున్నాడు కుళ్లాయప్ప. అనలేదు. ఇంట్లో కోడిని కోయాలన్నా పంక్చరు షాపు ఖాజాను పిలుచుకొచ్చి, తాను అటు తిరిగి నిలబడే మనిషి, సార్లతో కొట్లాడతాడా?

పైగా గేము వచ్చిన రోజు పెండ్లికొడుకు మాదిరి తయారై, భార్య గంగాదేవిని వెంటబెట్టుకొని ఖాజా షాపుకు పోయినాడు. ఖాజా తన ఫోన్లో గేము ఎక్కించి ఇచ్చినాడు. ఊరికి నీళ్లు తేవడానికొచ్చిన ఆఫీసరుగా మనం ఆడాల. అడుగడుగునా ఏం చేస్తావని తెర అడుగుతుంది. మన జవాబును బట్టి కథ మలుపు తిరుగుతుంది.

చౌడప్ప ఎదురొచ్చినాడు. బతిమాలుతావా, ఎదిరిస్తావా అని అడిగింది తెర. కింద జవాబుకిచ్చిన గడువు చూపించే ఎర్ర గీత ఒకటి అరిగిపోతా ఉంది.

"బిరీన నొక్కన్నా," అన్నాడు ఖాజా.

"ఉండప్పా. ఊరి నీళ్ల సంగతి. నలుగుర్ని అడగాల."

గంగాదేవిని అడిగినాడు. టైరుకు గాలి కొట్టించుకుంటున్న వెంకటప్పను అడిగినాడు. ఆ చౌడప్పది యా ఊరు, వాళ్ల నాయనెవరు అని వెంకటప్ప విచారణ మొదలుపెట్టినాడు. గీత అయిపోయింది.

"మీరు జవాబివ్వలేదు. చౌడప్ప మాటే నెగ్గింది" అని తెర మీద అక్షరాలు పడినాయి. వెంటనే కుళ్లాయప్ప గొంతే "నరుకుతా" అని అరిచి కుళ్లాయప్పను నరికేసింది.

"నీ గొంతుకు నువ్వే బలైతివి," అనింది గంగాదేవి. "ఇంగొకరికి శ్రమ ల్యాకుండా."

మళ్లీ ఆడినాడు. మళ్లీ నలుగుర్ని అడిగినాడు. మళ్లీ సచ్చినాడు.

"ఆ రికార్డింగు రూములో గూడా ఇట్లే కూసోనుంటివా అన్నా?" అన్నాడు ఖాజా.

కుళ్లాయప్ప కూడా నవ్వినాడు. విజయవాడలో చదివే కూతురు మౌనిక ఫోను చేసేదాకా నవ్వుతానే ఉన్నాడు.

"నాయనా, ఈడ అందరూ ఆ గేము ఆడతాండారు. నేను నోరు తెరిస్తే చాలు, చౌడప్ప కూతురొచ్చింది, బ్యాగులో కత్తి ఉండాదేమో చూడండి అంటాండారు. క్లాసులో మాట్లాడేది మానుకున్నా. నువ్వు ఫోన్ చేసినా కొంచెం మెల్లగా మాట్లాడు."

ఊరవతలికి వినబడే గొంతు. ఆ పూట ఆటోలో మైకు వేయలేదు.

రెండో భాగానికి కంపెనీవాళ్లు మళ్లీ పిలిచినారు. ఈసారి చౌడప్ప ఒక ముసలామెను బెదిరించాల. మైకు ముందర కూర్చున్నాడు. అడగడానికి ఆ గదిలో గంగాదేవి లేదు, వెంకటప్ప లేడు. కండ్ల ముందర ఎర్ర గీత అరిగిపోతా కనబడింది.

"నేను అనను సారూ. మంచోళ్లకు గూడా మా మాట పెట్టండి. ల్యాకుంటే చౌడప్పతో 'రాప్పా, ముందు నీళ్లు తాగు, తర్వాత కొట్లాడుకుందాం' అనిపించండి. మా ఊర్లో అట్లనే అంటారు."

అనేసి, తన ధైర్యానికి తానే బెదిరి, చెవులకున్న హెడ్‌ఫోన్లు తీయకుండానే లేచినాడు. తీగ లాగి మళ్లీ కుర్చీలో పడేసింది.

"ఇంతవరకు ఆడినవాళ్లెవరూ అభ్యంతరం చెప్పలేదండీ," అన్నారు కంపెనీ సారు. "చెబితే చూస్తాం."

తిరుగు బస్సులో మౌనికకు ఫోను చేసి, బస్సంతా తిరిగి చూసేట్టు తన మామూలు గొంతుతోనే మాట్లాడినాడు కుళ్లాయప్ప. ఆ పిల్ల మాత్రం అవతల గుసగుసగానే జవాబిచ్చింది.

అందుకే చదివే మీకు ఒక మాట. ఆడేది గేమైనా, చూసేది సినిమా అయినా, కత్తి పట్టినవాడి నోట్లోనే సీమ మాట పెట్టినట్టు కనబడితే తయారుచేసినవాళ్లకు రాయండి. నలుగుర్ని అడిగి రాద్దామని కూర్చోకండి. జవాబివ్వకుంటే చౌడప్ప మాటే నెగ్గుతుంది.