చెప్పులు విడిచిన చోటు

నా చిన్నప్పుడు ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా బండరాళ్లే ఎక్కువ. ఆ రాళ్ల మధ్య మా తాతయ్య సినిమాల కోసం గుళ్లు, మసీదులు, చర్చిలు కట్టేవాడు. చెక్క, గోనెపట్టా, ప్లాస్టర్, పైన రంగు. షూటింగ్ అయిపోతే అన్నీ కూల్చేసేవే. అయినా సరే, ఏ మతం సెట్టు వేస్తే ఆ మతంవాళ్లలో ఒకరిని ఏదో పని చెప్పి పిలిపించేవాడు. వాళ్లు గడప దగ్గర తమంతట తాము చెప్పులు విడిస్తే సెట్టు పాసైనట్టు. విడవకపోతే ఎక్కడో తప్పు చేశానని మళ్లీ కొలతలు తీసేవాడు. డైరెక్టరు మెచ్చుకున్నా ఆయనకు లెక్కలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా జూబ్లీ హిల్స్‌లో ఓ పెద్ద బడివాళ్లు అన్ని బళ్లకూ కలిపి వక్తృత్వ పోటీ పెట్టారు. మతాలు దేవుణ్ణి గురించి ఏం చెబుతాయన్నది విషయం. అంతకుముందు ఏడాది ఇదే పోటీలో నేను మధ్యలో మాట మరిచిపోయి దిగివస్తే, కార్లలో వచ్చిన పిల్లలు పగలబడి నవ్వారు. యూసుఫ్‌గూడ సర్కారు బడి పిల్లకు ఇంతకన్నా ఏం వస్తుందని ఎవరో అన్నారు కూడా. ఈసారి గెలవకపోతే మళ్లీ స్టేజీ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. మొండిఘటాన్ని మరి.

ఆరు పేజీలు రాసి, గర్వంగా తాతయ్యకు వినిపించాను. ఆయన బాగుందనలేదు, బాగోలేదనీ అనలేదు.

"నాకెందుకే చదువుతావు? ఎవరి గురించి రాశావో వాళ్లకు చదువు," అన్నాడు.

సినిమా బట్టలు కుట్టే దర్జీ చాచా యూసుఫ్‌గూడలో మా పక్కింట్లోనే ఉండేవాడు. ఆయన రోజూ పడమటివైపు తిరిగి నమాజు చేయడం చూసి, ముస్లింలు పడమర దిక్కును పూజిస్తారని రాసేశాను. అది వినగానే చాచా కుట్టుమిషను ఆపేశాడు. కోప్పడలేదు కానీ మొహం చిన్నబోయింది.

"దిక్కును ఎవరు మొక్కుతరు బిడ్డా? దునియాల యాడున్నా మేమందరం మక్కాల ఉన్న కాబా దిక్కే మలుగుతం. మనకు గది పడమర, ఇంకో దేశపోళ్లకు తూర్పు. మొక్కేది మాత్రం అల్లా ఒక్కనికే," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు పక్కింట్లోనే ఉండి ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు. తర్వాత క్రైస్తవురాలైన ఎదురింటి నర్సక్కకు చర్చి సంగతులు వినిపిస్తే అక్కడా రెండు పేజీలు ఎగిరిపోయాయి. మన మతమైనా వచ్చులే అనుకుంటే, తాను సెట్టులో పెట్టే విగ్రహానికీ గుళ్లో విగ్రహానికీ తేడా ఏమిటని తాతయ్య అడిగాడు. అది అడగడానికి గుడి పూజారి దగ్గరికి పరిగెత్తాను. పోటీ ఇంకా నాలుగు రోజులే ఉందనగా ఆరు పేజీలూ చించేసి మళ్లీ మొదలుపెట్టాను.

పోటీనాడు తాతయ్య ముందు వరుసలో కూర్చున్నాడు. చాచా ఆలస్యంగా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను ఆచితూచి మొదలుపెట్టి, ఎవరి దేవుణ్ణి వాళ్లు చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాను. నమాజు దగ్గరికి వచ్చేసరికి నా కళ్లు గుమ్మంవైపు వెళ్లాయి. చాచా ఒక కాలితో ఇంకో కాలి చెప్పు తోసేసి, రెండో చెప్పు కూడా విడిచి, చేతులు కట్టుకుని తల వంచి వింటున్నాడు. తనకే తెలియకుండా చేసి ఉంటాడు. తాతయ్య కూడా వెనక్కి తిరిగి చూశాడు. చూసి, అంత సభలోనూ తొడ చరిచాడు! ఇక నాకు అడ్డేముంది? ఒక్క మాట మరవలేదు, ఒక్కచోట తడబడలేదు.

మొదటి బహుమతి నాదే. కార్ల పిల్లలు కూడా లేచి చప్పట్లు కొట్టారు. ఆ కప్పును చాచా నెత్తిన పెట్టుకుని, "మా బిడ్డ గెల్చింది," అంటూ యూసుఫ్‌గూడ గల్లీలన్నీ తిరిగాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

తర్వాత ముప్ఫై ఏళ్లు కాలేజీలో మతాల గురించే పాఠాలు చెప్పాను. లావుపాటి గ్రంథాలు చాలానే చదివాను. కానీ ఎవరి విశ్వాసం గురించి రాసుకున్నా, వాళ్లలో ఒకరికి వినిపించనిదే తరగతికి తీసుకెళ్లలేదు. ఈ వయసులోనూ అలా వినిపిస్తున్నంతసేపూ నా చూపు వాళ్ల మొహం మీద నిలవదు, కాళ్ల మీదికే పోతుంది.