గడపకు అవతల నిలబడ్డ మనిషి

సింగపూరులో, ఆంగ్ మో కియో పేటలోని ఆ గోదాము నిండా బొమ్మలుండేవి. యజమాని రష్యావాడు, ముసలాయన. తన దేశంలో ఉక్కు కర్మాగారాలు నడిపి గడించినదాంతో పూట గడవని చిత్రకారులకు తిండిపెట్టి, వాళ్ల బొమ్మలు కొన్నాడు. వాటిని కంప్యూటరులోకి ఎక్కించే పని నాది. కంప్యూటరు తెలిసినవాణ్ణి సింగపూరు పిలిచి కూర్చోబెట్టిన రోజులు దాటిపోతున్నాయి. మా బ్లాకులోనే రెండు తెలుగు కుటుంబాలు సామాను సర్దుకున్నాయి.

ఆ గురువారం నా ఒప్పందం పొడిగింపు మీద ఆయన సంతకం పెట్టాలి. పెట్టకపోతే నెలాఖరుకు, ఈ దేశంలో ఉండి పనిచెయ్యడానికిచ్చిన నా పాస్ గడువు అయిపోతుంది.

తలుపు ఆయనే తీశాడు. నేను బయటినుంచే చెయ్యి చాచాను. ఆయన చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. చూపు గడప మీద పడింది.

ఆ చూపు నాకు తెలుసు. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి ఏదీ అందుకోకూడదని మా అమ్మ అలాగే చూసేది. ఆ మూఢనమ్మకాన్ని సభల్లో చీల్చి చెండాడినవాణ్ణి నేను. ఒక్క అడుగు లోపలికి వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. చెయ్యీ దించలేదు.

“రేపు రా,” అని తలుపు వేసేశాడు.

టాంపినీస్‌లో ఇంటికి చేరి జరిగింది చెప్పాను.

“పెద్దాయన భయపడుతుంటే చెయ్యి చాచుకుని నిలబడ్డారా? గెలిచారు కదండీ, బహుమతి కప్పు ఏదీ?” అంది నా భార్య.

“అది అర్థంలేని నమ్మకం.”

“సరే, పాస్ క్యాన్సిలయ్యాక ఎయిర్‌పోర్టులో ఉపన్యాసమివ్వండి. పాపని స్కూలు ఏమని మాన్పించను?”

“డాడీ, సే సారీ లా! సో సింపుల్!” అంది పాప, బళ్లో అంటుకున్న సింగపూరు యాసలో.

మర్నాడు పొద్దున్న రైల్లో ఏసీ కింద కూడా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆ తలుపు ముందు నిలబడి బెల్లు నొక్కడానికి రెండుసార్లు వేలెత్తి దించాను.

తలుపు తీసి ఆయనే మొదలుపెట్టాడు. “నేను కొన్న మొదటి బొమ్మ నా స్నేహితుడు వేసింది. గుమ్మం అవతలినుంచి చెయ్యి కలిపి వెళ్లాడు. మళ్లీ రాలేదు. గుమ్మం ఎవర్నీ చంపదని నాకూ తెలుసు. అయినా నిన్న భయమేసింది.”

అలా చెయ్యి కలిపి క్షేమంగా తిరిగొచ్చినవాళ్ల మాటేమిటని అడగొచ్చు. ప్రశ్న నాలుక చివరనే ఉంది. మింగేశాను. గడప దాటి లోపలికెళ్లి చెయ్యి చాచాను. ఆయన చెయ్యి ఐసులా ఉంది; నాదీ అంతే. జాలితో వెళ్లానని ఇప్పుడు రాసుకుంటే బాగుంటుంది. కానీ వెళ్లింది సంతకం కోసం.

సంతకం పెట్టాడు. బయటికొచ్చాక గొడుగు మరిచిపోయానని గుర్తొచ్చింది. ఆయన దాన్ని తెచ్చి అందించబోయి, గడప దగ్గర ఆగిపోయాడు.

కాగితం అప్పటికే నా సంచిలో భద్రంగా ఉంది. అయినా మళ్లీ లోపలికెళ్లి గొడుగు అందుకున్నాను.