పది మూరల పడవ షికారు

మా అత్త డెబ్బై ఏళ్ళ దాకా పడవ ఎక్కకపోవడానికి కారణం వినాయకుడు.

ఈ మాట ఆమె ముందు అంటే చెంపలు వేసుకుంటుంది, ముందు తనవి, తర్వాత నావి. అందుకని వివరంగా చెబుతాను. అత్త అంటే మా నాన్నకు అక్క. బళేపేటలో మా తాత పెట్టిన గాజుల అంగడిని ఆయన తర్వాత నడుపుతున్నది ఆమే. ఆ గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చునే నేను అక్షరాలు దిద్దాను, అక్షరాల కంటే ముందు బేరం నేర్చాను. అంగడికి సెలవన్నది లేదు. శ్రావణంలో వరలక్ష్మి వ్రతం, ఆ వెనకే ఇక్కడి కన్నడంలో గౌరి హబ్బ అనే గౌరి పండగ, దసరా, దీపావళి, ఆ తర్వాత పెళ్ళిళ్ళు. ఆదివారం వచ్చిందంటే అన్నం తినడానికి కూడా తీరదు. ఏడాది మొత్తంలో షట్టరు దించి ఉండే పగలు ఒక్కటే, మా పేట వినాయకుడు ఊరేగింపుగా కదిలే రోజు. ఆ రోజు మా సందుల్లోకి సైకిలును కూడా రానివ్వరు. గిరాకీ ఎక్కణ్ణుంచి వస్తుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో చెరువుల మీద పడవలు కూడా ఆపేస్తారు. నిమజ్జనానికి జనం విరగబడి వస్తారు గనుక గజఈతగాళ్ళ పడవ తప్ప మరొకటి నీళ్ళ మీద తిరగకూడదు. మంచి నియమమే, కాదనను. కానీ మా అత్తకు తీరిక దొరికే రోజూ, పడవలను కట్టేసే రోజూ ఒకటే కావడం చూస్తే ఎవరో పంచాంగం దగ్గర పెట్టుకుని కుట్ర చేసినట్టే ఉంటుంది.

ఆమెకు ఈ ఆశ పుట్టించింది నేనే. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న నన్ను చెరువుకు తీసుకెళ్ళి పెడల్ బోటు ఎక్కించాడు. తిరిగొచ్చి అంగట్లో నిలబడి గొప్పలు పోయాను. కాళ్ళతో తొక్కితే పోతుంది, కింద పడదు, చిలకమ్ముక్కు రంగు హంస తల ఉంటుంది. అత్త గాజుల డజను కట్టడం ఆపి అడిగింది.

"నీళ్ళ మీద సైకిలా?"

"ఊఁ. నేనే తొక్కినా."

"నాకు సైకిలే నేర్పనియ్యలేదు మీ తాత. పడితే కాళ్ళు చేతులు ఇరుగుతాయని. ఇదైతే పడేదే లేదు కదే!"

అప్పటి నుంచి మూడుసార్లు వెళ్ళాం. మూడుసార్లూ అదే బోర్డు. వినాయక విసర్జన సందర్భంగా పడవ విహారం నిలిపివేయడమైనది అని కన్నడంలో పెయింటుతో రాసి, తేదీలు మాత్రం సుద్దతో దిద్ది ఉంటాయి. అక్షరాలు శాశ్వతం, అంకెలు తాత్కాలికం. ప్రతిసారీ నేనే భరోసా ఇచ్చేదాన్ని, ఈ ఏడు మన పేట వినాయకుడు ఆలస్యంగా పోతున్నాడు, ఈపాటికి పడవలు వదిలేసి ఉంటారని. నా లెక్క ఒక్కసారీ నిజం కాలేదు.

పోయిన ఏడు సంగతి వేరు. అత్త మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, మార్చాలన్నారు డాక్టరు. ఊరేగింపు అయిన మూడో రోజు ఆస్పత్రిలో చేరాలి. చెప్పగానే అత్త ఆపరేషన్ ఎంతసేపని అడగలేదు, నొప్పి ఉంటుందా అనీ అడగలేదు. ఇంటికి వచ్చాక నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"కొత్త మోకాళ్ళకేం తెలుస్తాదే నా ఆశ? ఇంతకాలం అంగట్లో నన్ను మోసినవి ఇవి. ఇవి ఉండంగానే పడవ తొక్కల్ల."

డాక్టరుకు ఫోన్ చేసి అడిగాను. మెల్లగా, నొప్పి లేనంత వరకు తొక్కితే తప్పులేదని నవ్వాడాయన. దాంతో నాకున్నది ఒకే రోజు. ఆ రోజు చెరువు దగ్గర బోర్డు ఉంటుందని ఈసారి ముందే తెలుసు. అయినా ధైర్యంగా ఉన్నాను. ఎందుకంటే నా ఉద్యోగమే బేరం. ఒక పెద్ద కంపెనీకి కుర్చీల దగ్గర నుంచి కాఫీ మిషన్ల దాకా కొనిపెట్టే విభాగం నాది. సప్లయర్ల చేత మూడు చెరువుల నీళ్ళు తాగిస్తానని నాకు పేరు.

నాలుగో చెరువు దగ్గర నా పప్పు ఉడకలేదు.

అది ఊరికి ఉత్తరాన యలహంకలో, నేనిప్పుడు ఉంటున్న ఇంటికి దగ్గర్లోని చెరువు. నిమజ్జనానికి అవతలి కొసన వేరే కొలను కట్టారు, జనమంతా అటే. ఇవతలి కొసన పడవల రేవు ఖాళీగా ఉంది. హంస తలల పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. టికెట్ల గూడు ముందు ఒక పొట్టి మనిషి కుర్చీలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. పక్కనే మా పాత చుట్టం, బోర్డు.

"ఈ పొద్దు లేదమ్మా. బోర్డు చూడలేదా?" అన్నాడు తల ఎత్తకుండానే. యాస వినగానే హిందూపురం వైపు మనిషని తెలిసిపోయింది. మా తాతదీ ఆ వైపే. మనవాడు దొరికాడనుకున్నాను.

"చూసినామప్పా. మధ్యలోకి పోము. ఈ అంచునే ఒక చుట్టు."

"అంచున ఉండేదీ నీళ్ళే కదమ్మా."

"మా అత్త ఎంత దూరం నుంచి వచ్చింది తెలుసా?"

"యాడి నుంచి?"

"బళేపేట."

"ఓహో, సిటీ బస్సులో వస్తిరేమో" అన్నాడు, ఒక పల్లీ నోట్లో వేసుకుంటూ.

ఇక నా ఆఖరి అస్త్రం తీశాను. మా పేటలో పుట్టిన ఎవరికైనా తెలుస్తుంది, బేరం కుదరనప్పుడు విదిలించుకుని వెనక్కి తిరిగి పది అడుగులు నడవాలి. ఎనిమిదో అడుగులో వెనక నుంచి పిలుపు వస్తుంది. "సరే పోనీ లెండి" అని గట్టిగా అని నడిచాను. ఎనిమిది. పది. పదిహేను. పిలుపు లేదు. ఇరవయ్యో అడుగు దగ్గర చెత్తబుట్ట అడ్డం వచ్చింది. తిరిగి చూస్తే అత్త నాతో రానేలేదు. ఆ మనిషి పక్కన బెంచీ మీద కూర్చుని తనూ పల్లీలు ఒలుస్తోంది.

సిగ్గుపడుతూ తిరిగొచ్చాను.

"అప్పా," అంటోంది అత్త, "పడవలో ఊరికే కూర్చుంటే ఏమన్నా అంటారా? కట్టేసినట్లే ఉండనీ."

"కూర్చునేదానికేముండాదమ్మా. కూర్చోండి, ఫోటో తీసుకోండి, దిగండి."

"మంచిది నాయనా." ఇంకో పల్లీ ఒలిచింది. "ఆ కట్టిన తాడు ఎంత పొడుగుండాది?"

నేను ఉలిక్కిపడ్డాను. బేరం అంటే ఇదీ. ముందు గిరాకీని లోపల కూర్చోబెట్టడం, తర్వాత సరుకు విప్పడం. రోజూ ఆమె చేసేదే, ఇక్కడ ఆమే గిరాకీ.

"రెండు మూరలు," అన్నాడతను.

"ఇరవై," అన్నాను నేను వెంటనే.

"ఇరవయ్యా! నన్ను జైల్లో ఏస్తారు తల్లీ."

"పదహారు. కట్టే ఉంటుంది కదప్పా, కట్టేసిన పడవ తిరిగినట్టు కాదు."

"నాలుగు."

"నాలుగు మూరలు మల్లెపూలకు సరిపోతాయి, పడవకు కాదు."

అతను నవ్వాడు. అక్కడే సగం గెలిచాను. కిందా మీదా పడి పది దగ్గరకు వచ్చాం. అతను తన పొట్టి చెయ్యి చాపి మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా తాడు కొలవబోయాడు.

"ఆగాగు," అన్నాను. "ఎవరి మూర?"

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. మా అంగట్లో లేసు, జరీ అంచు మూరల్లో అమ్ముతాం. గిరాకీకి కొలవడానికి పొట్టి చేతుల మా చిన్నాన్న, హోల్‌సేలు వాళ్ళ దగ్గర కొనేటప్పుడు కొలవడానికి పొడుగు చేతుల మా అత్త. ఇది మోసం కాదు, పని పంచుకోవడం అనేవాడు తాత.

"అత్త మూర," అన్నాను. "నా తాడు, నా మూర," అన్నాడతను. తాడుకు చెరో కొస పట్టుకుని వాదించుకుంటుంటే వెనక విజిల్ వినిపించింది.

కానిస్టేబులమ్మ. మనిషి ఎత్తరి. హబ్బ మొదలైనప్పటి నుంచి బందోబస్తులో ఉన్నట్టు ముఖం వాడిపోయి ఉంది.

"ఏనమ్మా ఇది, తాడు ఆటనా?" అంది. కన్నడమావిడే, తెలుగు ధారాళంగా వస్తోంది.

"ఏమీ లేదు మేడం, ఊరికే కూర్చుంటామంటాండారు," అంటూ పడవలాయన కొస వదిలేశాడు. తాడంతా నా చేతిలోకి వచ్చింది, దొంగసొత్తులాగా.

నా దగ్గర మూడు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాంట్లో మొక్కుబడి కూడా ఉంది. నోరు తెరిచేలోగా అత్త ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అంగడి, ఏడాదికి ఒక పగలు, మూడుసార్లు ఇదే బోర్డు, ఎల్లుండి ఆస్పత్రి. చెప్పి, చీర మీద నుంచి రెండు మోకాళ్ళూ తట్టి చూపించింది.

"వీటితో ఒక తూరి తొక్కల్లని ఆశ తల్లీ. అంతే. కాదంటే ఇదో, పల్లీలు తిని పోతాం."

కానిస్టేబులమ్మ మోకాళ్ళ వైపు చూసింది. బోర్డు వైపు చూసింది. రేవు కొస దాకా నడిచి, నీళ్ళ లోతు అడిగి, అవతలి గట్టున జనం ఎంత దూరమో చూసి వచ్చింది. ఆ రెండు నిమిషాలూ నేను చేతిలోని తాడును చుట్ట చుడుతూ నిలబడ్డాను. తర్వాత వైర్‌లెస్ సెట్ తీసి ఎవరినో పెద్దాయనను అడిగింది. అటు నుంచి గరగరమని ఏదో వచ్చింది.

"పడవ కట్టే ఉండాలి," అంది. "తాడు కొస ఈయన చేతిలో ఉండాలి. ఇద్దరూ జాకెట్ వేసుకోవాలి. ఐదు నిమిషాలు. నేనిక్కడే నిలబడి ఉంటా. ఎన్ని మూరలకు కుదిరింది?"

"పది," అన్నాం ముగ్గురం ఒక్కసారే.

"ఎవరి..." అని నేను మొదలుపెట్టాను.

"నాది. మా అమ్మ పూలు అమ్మేది. మూరంటే నాకు చెప్పబోకు."

కానిస్టేబులమ్మ తాడు అందుకుని చకచకా పది లెక్కపెట్టింది. పూలవాళ్ళ చెయ్యి అది, తాడు మోచేతిని తాకినట్టే తాకి అంగుళం ముందే మడిచేసుకుంటుంది. నా కళ్ళు అవే చూస్తాయి కదా.

"మేడం, మోచెయ్యి దాకా రాలేదు!"

"నోరు ముయ్యవే," అంది అత్త పళ్ళ మధ్య నుంచి. "డ్యూటీలో ఉండాది ఆ యమ్మ."

నారింజ రంగు జాకెట్లు తొడుక్కున్నాం. అత్తను ముగ్గురం పట్టి పడవలో కూర్చోబెట్టాం. ఆమె పక్కన కూర్చున్నాక నాకు గుర్తొచ్చింది, నాకు నీళ్ళంటే భయమని. ఏడేళ్ళప్పుడు కూడా తొక్కింది నాన్నే. నేను హంస మెడ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ హంస మెడే పట్టుకున్నాను.

అత్త కుడి కాలు పెడల్ మీద పెట్టి మెల్లగా నొక్కింది. కిర్రుమంది. పడవో, మోకాలో తెలియలేదు. ఎడమ కాలు. మళ్ళీ కిర్రు. గట్టు ఒక జానెడు వెనక్కి జరిగింది.

"పోతాండాది!" అంది అత్త. తొమ్మిదేళ్ళ పిల్ల గొంతు. "ఏమే, పోతాండాది చూడు!"

ఇంకో నాలుగు తొక్కులకు తాడు బిగుసుకుని పడవ గుంజినట్టు ఆగింది. అయిపోయిందనుకున్నాను. అత్త ఆగలేదు. తొక్కుతూనే ఉంది. ముందుకు పోలేని పడవ పక్కకు తిరిగింది, తాడు చివర గానుగెద్దులాగా అర్ధచంద్రంగా సాగి రేవు అవతలి వైపుకు వచ్చింది. అత్త చుక్కాని పట్టుకుని ఎటు తిప్పాలో తెలియక తిప్పితే మళ్ళీ ఇవతలికి. అవతలి కొస నుంచి డప్పులు వినిపిస్తున్నాయి. అత్త ఆ దెబ్బకు సరిగ్గా కాళ్ళు వేయడం మొదలుపెట్టింది. ఒక నీటికోడి మా ముందు మునిగి వెనక తేలింది.

"నొప్పిగా ఉందా అత్తా?"

"ఉండాది. ఉండనీ. నువ్వు హంసను వదిలి కాళ్ళు పెట్టు."

పెట్టాను. ఇద్దరం తొక్కుతుంటే తాడు గట్టిగా లాగింది. ఒడ్డున పడవలాయన రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, అతని వెనక కానిస్టేబులమ్మ గడియారం చూస్తోంది. ఐదు నిమిషాలు అయ్యాయని చెయ్యి ఊపుతుందనుకున్నాను. ఆమె పడవలాయన భుజం తట్టి ఏదో అంది. అతను చేతిలోని తాడు చుట్ట నుంచి ఇంకో రెండు మూరలు వదిలాడు. పడవ ఒక్కసారి ముందుకు జారింది. నేను కెవ్వుమన్నాను. అత్త చప్పట్లు కొట్టింది.

"కొసరు, అమ్మా!" అని అరిచింది కానిస్టేబులమ్మ ఒడ్డు నుంచి. "పూలంగట్లో మూర మీద కొసరు వేయకుంటే మా అమ్మ ఊరుకునేది కాదు!"

పుట్టి బుద్ధెరిగినాక ఏది కొన్నా కొసరు అడగకుండా నేను కదిలింది లేదు. కరివేపాకు, దారపు ఉండ, ఆఫీసుకు కొన్న వంద కుర్చీల మీద ఒక స్టూలు. ఆ రోజు అడగడం మరిచిపోయాను. దానంతట అదే వచ్చింది.

దిగేటప్పుడు మళ్ళీ ముగ్గురం లాగాల్సి వచ్చింది. అత్త రేవు మీద నిలబడి, వంగి రెండు మోకాళ్ళనూ అరచేతులతో ఒకసారి నిమిరింది. తర్వాత కానిస్టేబులమ్మ మణికట్టు వైపు చూసి, "నీ చేతికి రెండు-ఆరు సైజు గాజులు," అంది. "డ్యూటీ లేనప్పుడు అంగడికి రా. నచ్చితే కొనుక్కో. బేరం మాత్రం దీనితో ఆడొద్దు, నాతో ఆడు."

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్ని వారాల తర్వాత ఫిజియోథెరపీలో అత్తను కదలని సైకిల్ మీద కూర్చోబెట్టి పది నిమిషాలు తొక్కమంది అక్కడి అమ్మాయి. అత్త హ్యాండిల్ పట్టుకుని, ఎదురుగా ఉన్న ఖాళీ గోడను చూస్తూ తొక్కింది. పది నిమిషాలకు గంట మోగింది. అమ్మాయి వచ్చి, "అయిపోయిందాంటీ, దిగండి," అంది.

అత్త దిగలేదు.

"పదయింది, సరే," అంది తొక్కుతూనే. "కొసరు?"